ఎడమ దవడ మీద పుట్టుమచ్చ

రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీ లేచిన ఏళ్ళలో మా వీధిలో ప్రతివాడూ నౌకరీ కోసం తిరిగాడు. నాకు ఆ బాధ లేదు. పదకొండో ఏటనే నాకు పర్మనెంటు నౌకరీ దొరికింది. జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు అసలే లేదు. చేయాల్సిన పని నా ఎడమ దవడకు కాపలా కాయడం.

ఆ ఏడు నాకు గవదబిళ్ళలు వచ్చాయి. రెండు దవడలూ బూరెల్లా పొంగాయి. అమ్మ పసుపు పట్టు వేసింది, పది రోజులకు వాపు దిగింది. పలకరించడానికి వచ్చిన మా చిన్నత్త నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "కుడి దిక్కు దిగింది గని, ఎడమ దిక్కు జర మిగిలినట్లుంది గదా" అంది. తర్వాత చాయ్ తాగి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమెకు వీధి మలుపు దాకా కూడా గుర్తుండి ఉండదు. నేను మాత్రం దాన్ని పద్నాలుగేళ్ళు మోశాను. వాపు దిగిందని డాక్టరు చెప్పాడు, అమ్మ చెప్పింది, ఎదురింటివాళ్ళు చెప్పారు. అందరికీ దిగిన వాపు నాకొక్కదానికే దిగలేదు.

అద్దం అంటే గోడకు వేలాడేది మాత్రమే అనుకునేవాళ్ళు అమాయకులు. స్టీలు పళ్ళెం అద్దమే. గరిటె వెనకభాగం అద్దమే, కాకపోతే దాంట్లో అందరి దవడా వంకరే కాబట్టి మనసుకు కొంచెం హాయి. బస్సు కిటికీ, స్కూటరు అద్దం, బిందెలో నీళ్ళు, డాక్టరు కళ్ళజోడు, ఏదీ వదల్లేదు. అన్నిటికంటే దేవుడి పటాలు శ్రేష్ఠం. వేంకటేశ్వరుడి పటంలో నలుపు ఎక్కువ, దవడ స్పష్టంగా కనిపించేది. శివుడి పటం నిండా మంచుకొండలు, దేనికీ పనికిరాదు. రోజుకు పదిహేను సార్లు వేంకటేశ్వరుడి ముందు నిలబడి కదలకుండా చూసే మనవరాలిని చూసి నాయనమ్మ మురిసిపోయేది. "ఇంత చిన్న వయసుల ఇంత భక్తి యాడ చూడలే" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. నేను కాదనలేదు. ఇంట్లో ఒకరికైనా నామీద మంచి అభిప్రాయం ఉండాలి కదా.

చూపును నమ్మలేక కొలతలు కూడా మొదలుపెట్టాను. ఒక నల్లదారం తీసుకుని చెవి తమ్మె నుంచి గడ్డం దాకా కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొలిచేదాన్ని. ఒక పూట ఎడమవైపు బియ్యపు గింజంత ఎక్కువ వచ్చేది. అదిగో, చెప్పలేదూ అనుకునేదాన్ని. ఇంకో పూట కుడివైపు ఎక్కువ వచ్చేది. అప్పుడు దారం సాగిపోయిందని పారేసి కొత్త దారం తెచ్చుకునేదాన్ని.

ఇక అమ్మ. ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతుంటే వెళ్ళి నిలబడేదాన్ని. "అమ్మా, చూడు, వంకర ఉందా?" ఆమె, "లేదు బిడ్డా, వంకర లేదు. సక్కగున్నది" అనేది. ఆ మాట సుమారు అరగంట పనిచేసేది. తర్వాత అనుమానం వచ్చేది. చూడకుండానే చెప్పింది కదా! మళ్ళీ వెళ్ళి, "చూసి చెప్పే" అనేదాన్ని. పాపం, పిండి చేతులతో నా మొహం ఎత్తి చూసి మళ్ళీ అదే మాట చెప్పేది. అప్పుడింకో అనుమానం. ఏమీ లేకపోతే అంతసేపు ఎందుకు చూసింది? ఒకరోజు విసిగిపోయి, "ఉంది పో, మూతంతా వంకరే" అని అరిచింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. ఆ తర్వాత ఆమె మరెప్పుడూ అరవలేదు. తల ఎత్తకుండా, రొట్టె తట్టే చప్పుడు ఆపకుండా, అదే జవాబు చెబుతూ పోయింది.

బయటికి వెళ్తే ఎడమ చెంప మీద అరచెయ్యి పెట్టుకుని నడిచేదాన్ని. వీధిలో నా పేరు పోయి పంటినొప్పి పిల్ల అయింది. ఒకామె లవంగం ఇచ్చేది, ఒకామె ఉప్పునీళ్ళు పుక్కిలించమనేది. చివరికి బజారులో పళ్ళు పీకే ఆయన దగ్గరికి నేనే వెళ్ళి, ఎడమవైపు దంతం నొప్పి అని అబద్ధం చెప్పి, రాయిలాంటి మంచి పన్ను పీకించుకున్నాను. పన్ను పోతే దవడ తగ్గుతుందని నా లెక్క. దవడ తగ్గలేదు. చెంప వాచింది. మళ్ళీ పసుపు పట్టు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరమ్మ దీనికి బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అని పేరుందని చెప్పింది. లేని లోపాన్నో, ఉన్నా ఎవరికీ పట్టనంత చిన్న లోపాన్నో పట్టుకుని మనసు వేలాడటమట. అద్దాలు చూడటం, మాటిమాటికీ అడగటం ఆ జబ్బు చేయించే పనులేనట, చేసేకొద్దీ ముదురుతుందట. పేరు విని గర్వపడ్డాను. మా వీధిలో బీపీ ఉంది, షుగరు ఉంది, ఇంత పొడుగు పేరున్న జబ్బు ఒక్కరికీ లేదు. కానీ అప్పట్లో ఆ పేరు మా ఊరిదాకా రాలేదు. మా ఊళ్ళో దాన్ని సోకు అనేవారు.

ఇలాంటి నాకు మా మేనమామ తన ఫోటో స్టూడియోలో పని ఇచ్చాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే. నెగటివ్ మీద పెన్సిలుతో ముఖాలు బాగుచేసే పని అది, దాన్ని టచింగ్ అంటారు. ఏటవాలు చెక్కపెట్టె, మధ్యలో గరుకు గాజు, దాని మీద నెగటివ్. కిటికీ వెలుగును పైకి కొట్టడానికి గాజు కింద ఒక అద్దం. అవును, అద్దం. నెగటివ్ తీసినప్పుడల్లా గరుకు గాజును పక్కకు జరిపి నా దవడ చూసుకునేదాన్ని. మామ దూరం నుంచి చూసి, "మా పోరి అద్దం తుడుసుకుంట, సాఫ్‌గ పని చేస్తది" అని గిరాకీలకు చెప్పేవాడు.

నెగటివ్‌లో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది. ముఖం మీది మచ్చ తెల్లటి చుక్కలా మెరుస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ చుక్కను నింపితే ప్రింటులో చర్మంలో కలిసిపోతుంది. మొటిమలు, అమ్మవారి గుంటలు, కంటి కింద చారలు, అన్నీ నా చేతిలో పోయేవి. రాయచూరు తాలూకాలో నాకు దొరకని లోపం లేదు. పద్నాలుగేళ్ళ శిక్షణ ఊరికే పోతుందా?

ఇంతలో ఫ్యాక్టరీవాళ్ళు గేటు పాసులకు ఫోటోలు కావాలన్నారు. స్టూడియో జాతర అయిపోయింది. మామ దగ్గర ఒకటే కోటు. ఆ ఏడాది పాసుల్లో ఉన్న మగవాళ్ళు సన్నవాళ్ళైనా లావువాళ్ళైనా అందరూ ఆ కోటులోనే ఉన్నారు. సన్నవాళ్ళకు వెనక బట్టల క్లిప్పులు పెట్టేవాళ్ళం.

ఆ గుంపులో ఒకరోజు దేవసూగూరు నుంచి ఒకతను వచ్చాడు. పొలం ఫ్యాక్టరీ కింద పోతే, దానికి బదులు ఇంటికొక నౌకరీ కింద అతనికి పిలుపొచ్చిందట. తండ్రి లేడు, తల్లీ తనూ అంతే. వచ్చాడు, కోటు తొడుక్కున్నాడు, స్టూలు మీద కూర్చున్నాడు, లేచి వెళ్ళిపోయాడు. తాడుకు కట్టిన దువ్వెన పక్కనే గోడ అద్దం ఉంది. దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే అతని ఎడమ దవడ మీద, సరిగ్గా నా వాపు మిగిలిపోయిన చోట, శనగగింజంత నల్ల పుట్టుమచ్చ ఉంది. అయ్యో పాపం, ఇంత పెద్దది మోస్తూ ఎలా తిరుగుతున్నాడో అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఆ ఒక్క నెగటివ్ మీదే కూర్చున్నాను. మచ్చ నింపాను. నింపిన చోటు తెలియకుండా చుట్టూ చర్మం కలిపాను. నా ముఖం మీద చేసుకోలేనిదంతా అతని ముఖం మీద చేశాను. ప్రింటులో దవడ నున్నగా, సినిమా హీరోలా వచ్చింది. పుణ్యం చేసినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అతను కవరు తీసుకుని, విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. సొంత ఫోటో చూసుకోని మనిషి ఉంటాడని నాకు అదే మొదటిసారి తెలియడం.

రెండు వారాల తర్వాత ఒక ముసలమ్మ స్టూడియో మెట్లెక్కింది. చేతిలో గుడ్డలో కట్టిన రొట్టెలు. నన్ను చూసి, "మా పిల్లగాని మచ్చ ఏడ వెట్టినవ్ తల్లీ?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె మిగతాది చెప్పాక ఆ నవ్వు పోయింది. నౌకరీ ఫారంలో గుర్తులు రాసే చోట ఆమె కొడుక్కి ఒకటే గుర్తు రాశారు: ఎడమ దవడ మీద పుట్టుమచ్చ. ఫైలులో అతికించిన ఫోటోలో మచ్చ లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఉంది. ఒకరి నౌకరీలో ఇంకొకరు చేరతారేమోనని ఆఫీసువాళ్ళ భయం. ఫోటోలో ఉన్నది నువ్వు కాదు, అసలు మనిషెవరో తేలేదాకా లోపలికి రాకు అన్నారట. కొత్త ఫోటో ఇస్తామంటే ఒప్పుకోలేదు. నెలాఖరులోగా తేలకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పోయిన పొలం ఎలాగూ తిరిగి రాదు.

మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఏందే పోరీ, మచ్చ తియ్యమని వాడు అడిగిండా? నేను చెప్పిన్నా? పాసు ఫోటోకు మచ్చ ఎవరన్న తీస్తరా?" అని అరిచాడు. ఆ రోజే బస్సెక్కి ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "నేను చెప్తె నమ్ముతలేరు. టచింగ్ చేసినోళ్ళే రావాల్నట. నెగటివ్ తేవాల్నట. కాయితం మీద రాసిచ్చి, దాని మీద నీ ఫోటో అతికియ్యాల్నట. రేపు కూసో, తీస్త."

నా ఫోటో.

పదో తరగతి గ్రూపు ఫోటో రోజు నాకు జ్వరం. అక్క పెళ్ళిలో ఫోటోల వేళకు వాంతులు. కెమెరా పెట్టె తెరిస్తే చాలు, నా ఒంట్లో ఏదో ఒక రోగం పుట్టేది. రోజూ యాభై ముఖాలు దిద్దే నాకు, గవదబిళ్ళల తర్వాత తీసిన సొంత ఫోటో ఒక్కటీ లేదు. నేను రానని చెప్పాను. మామ బతిమాలాడు, తిట్టాడు, మా అమ్మకు చెప్తానన్నాడు. నేను చెంప మీద చెయ్యి తీయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రెండు రోజులూ నా మనసులో అతని నౌకరీ ఒకవైపు, నా దవడ ఒకవైపు పెట్టి తూచాను. దవడే మొగ్గింది.

ముసలమ్మ మాత్రం రోజూ మొదటి బస్సుకే వచ్చి బెంచీ మీద కూర్చునేది. అరవదు, ఏడవదు. మధ్యాహ్నం రొట్టె తీసి సగం నాకు పెట్టేది. "తిను బిడ్డా, సుమ్నె, ఊకెనే ఎందుకు ఎండుతవ్" అనేది. మూడో రోజు ఇక తట్టుకోలేక అసలు సంగతి చెప్పేశాను. "అవ్వా, నా ఎడమ దవడ వంకర. ఫోటోలో పడుతుంది. అందుకే రానంటున్నాను" అని చెయ్యి తీసి చూపించాను. బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. లేదు, ఎక్కడుంది, చక్కగా ఉన్నావు అంటుందని ఎదురుచూశాను. ఆ మాట వినడానికే నేను పుట్టాను మరి.

ఆమె ముందుకు వంగింది. కళ్ళు చికిలించింది. "నాకు కండ్లు మసక బిడ్డా, ఏం కనవడ్తలేదు. వంకర ఉన్నదనే అనుకో. ఉంటె ఏమాయె? వస్తవా, రావా?"

పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందరూ లేదు లేదు అన్నవాళ్ళే, నేను ఉంది ఉంది అని వాదించినదాన్నే. ఈమె వాదనకే రాలేదు. ఉన్నదనే అనుకోమంది, నాకు ఇంకో మాట మిగల్చలేదు. నోట్లోంచి "వస్తా" అని వచ్చేసింది. వచ్చాక నాలుక కరుచుకున్నాను, కానీ ఆమె అప్పటికే లేచి చీరకొంగు దులుపుకుంటోంది.

మామ అప్పటికప్పుడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. కొంచెం పక్కకు తిరుగుతానన్నాను. "పాసు సైజు ఫోటోల రెండు చెవులూ కనవడాలె. సక్కగ చూడు. చెయ్యి తియ్యి. ఇంకొక చెయ్యి పెడ్తున్నవ్, అది గూడ తియ్యి" అన్నాడు. లైటు వెలిగింది. నా చేతులకు ఎక్కడికి పోవాలో తెలియక ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

నెగటివ్ ఆరాక నా చెక్కపెట్టె మీద పెట్టి, "దీన్ని ముట్టుకున్నవో, చేతులు ఇరగ్గొడ్త" అని చెప్పి మామ బయటికి వెళ్ళాడు. నేను పెన్సిలు చెక్కాను. గంటసేపు కూర్చున్నాను. చివరికి ముట్టుకోలేదు. నిజాయితీ అనుకునేరు, అదేం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దవడ సరిచేస్తే గడ్డం ఒకపక్కకు పోతుంది, గడ్డం దిద్దితే పెదవి, పెదవి దిద్దితే ముక్కు. అలా పోతే చివరికి రెండు చెవులు మిగులుతాయి, పాసు సైజుకు అవి చాలవు. పెన్సిలు పక్కన పెట్టి ఏడ్చాను.

మర్నాడు ముసలమ్మ, ఆమె కొడుకు, నేను బస్సెక్కాం. కిటికీలో దవడ చూసుకుంటూనే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు దగ్గరయ్యేకొద్దీ గాజు మీద బూడిద పేరుకుని చివరికి ఏమీ కనిపించకుండా పోయింది. గేటు దగ్గర గదిలో ఒక ఆఫీసరు ముందు నిలబడ్డాం. నెగటివ్ వెలుగుకు పట్టుకుని నేను నింపిన చోటు వేలుతో చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూశాడు, అతని మచ్చను చూశాడు, మళ్ళీ నెగటివ్ చూశాడు. తర్వాత నా కాగితం తీసి, దాని మీది ఫోటో చూసి, "ఇదు నీవేనా?" అని కన్నడలో అడిగాడు. అవునన్నాను. తల ఎత్తి నా ముఖం చూశాడు.

ఇప్పుడు పట్టుకుంటాడు అనుకున్నాను. ఒక్క క్షణం. అంతే. ముద్ర తీసి సగం కాగితం మీద, సగం ఫోటో మీద పడేలా ఠక్కున కొట్టాడు. నీలం సిరా సరిగ్గా నా ఎడమ దవడ మీద పడింది. పద్నాలుగేళ్ళు నేను కాపలా కాసినదాన్ని ఆయన చూడనే లేదు. నాకు సంతోషం వేయాలి. నిజం చెబితే, కొంచెం అవమానంగా అనిపించింది.

మామ మళ్ళీ తీసిచ్చిన కొత్త ఫోటోతో పాసు చేతికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. కొడుకు లోపలికి వెళ్ళి పాసు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్ళకు ఆనించుకుని చూసింది, బొటనవేలితో తడిమింది, లాభం లేక నా చేతికిచ్చింది. "చూడు బిడ్డా, మచ్చ ఉన్నదా?"

"ఉంది అవ్వా."

"ఎడమ దిక్కేనా?"

"ఎడమ దిక్కే."

"సరిగ చూసినవా?"

చూశానన్నాను. పాసు తీసుకుని కొంగున ముడేసింది. నన్ను బస్సెక్కించడానికి వచ్చి నిలబడ్డాక ముడి విప్పింది. "మల్లొక్కసారి చూడరాదు, మచ్చ ఉన్నదా?" నేను బస్సెక్కే లోపల నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి నేను పాసు వైపు చూడకుండానే, "ఉంది అవ్వా, ఉంది" అన్నాను. అన్నాక ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. అది మా అమ్మ గొంతు.

ఆమె అక్కడే, ఫ్యాక్టరీ పక్కనున్న దేవసూగూరులో ఉండిపోయింది. నేనొక్కదాన్నే రాయచూరు బస్సెక్కాను. ఆమె నాలుగుసార్లు అడిగితేనే నాకు విసుగొచ్చింది. రోజుకు ఎన్నిసార్లు అడిగాను, ఎన్నేళ్ళు అడిగాను అని లెక్క కట్టబోయి భయమేసి మానేశాను.

ఇంటికి చేరేసరికి గొంతు పిడచకట్టుకుపోయింది. ఒళ్ళంతా బూడిద. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది, వీపు నా వైపు ఉంది. గుమ్మంలో నిలబడి, "అమ్మా" అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. రొట్టె తట్టే చప్పుడు ఆగలేదు. "లేదు బిడ్డా, వంకర లేదు. సక్కగున్నది" అంది.

నేను అడగబోయింది మంచినీళ్ళు.